మడ్‌గార్డు కింద చిలుము

తుప్పు దానంతటదే పడుతుందని అందరూ అనుకుంటారు. ధర్మయ్య గారు ఒప్పుకోరు. తుప్పు పట్టదు, ఎవడో ఒకడు పట్టనిస్తాడు అంటారాయన. ఫరీదాబాద్‌లో ఒక ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు ఆ పట్టనిచ్చేవాళ్ల మధ్యే పనిచేసి, 2003లో రిటైరయ్యారు. నేను వాళ్ల మేడ మీద గదిలో అద్దెకుంటాను. పరిశ్రమల చరిత్ర మీద లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ చదివాను. యజమానులు ఉన్నారు, యంత్రాలు ఉన్నాయి, ఎన్ని వేల బళ్లు తయారయ్యాయో ఏడాదివారీగా ఉంది. ధర్మయ్య లాంటి మనిషి ఒక్కడు లేడు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయనది జనగామ పక్క ఊరు. ఉద్యోగం చెప్పుకోవడానికి చాలా చిన్నది. రంగు ఆరిన ట్రాక్టరు ఫ్యాక్టరీ గేటు దాటే ముందు ఆయన దగ్గర ఆగేది. టార్చిలైటు వేసి చూసి, రంగు పలచబడ్డ చోట, వెల్డింగు మసి తుడవకుండా రంగు కొట్టేసిన చోట సుద్దముక్కతో సున్నా చుట్టాలి. సున్నా ఉన్న బండి వెనక్కి పోతుంది, లేనిది ముందుకు పోతుంది. హిందీలో తుప్పుని జంగ్ అంటారు, యుద్ధాన్నీ జంగ్ అనే అంటారు. నోరు తిరిగినవాళ్లు కొంచెం తేడాగా పలుకుతారు గానీ, ఫ్యాక్టరీలో అందరి నోట్లోనూ తుప్పూ యుద్ధమూ ఒకటే మాట. ఆయన్ని "జంగ్‌వాలే బాబూ" అని పిలిచేవాళ్లు. తుప్పు చూసే మనిషనో, తగువులమారి అనో, ఎవరికి తోచినట్టు వాళ్లు నవ్వుకునేవాళ్లు.

ఆ తగువు మొదలైంది ఒక రంధ్రం దగ్గర. ఎనభైల నడుమ కంపెనీ ముప్పై అయిదు గుర్రాల బండి కొత్తగా తెచ్చింది. దాని వెనక చక్రం మీది మడ్‌గార్డుని బండికి పట్టి ఉంచడానికి లోపలివైపు ఒక ఇనుప పట్టీ వెల్డింగు చేశారు. ఆ పట్టీ వంపు అచ్చం దోసిలిలా ఉంటుంది. చక్రం చిమ్మిన బురదనీళ్లు వచ్చి అందులో నిలుస్తాయి. నిలిచిన నీళ్లు పోవడానికి దారి లేదు. రెండు వానాకాలాలు గడిచేసరికి పట్టీని లోపలినుంచి తుప్పు తినేస్తుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. హర్యానాలో, యూపీలో మడ్‌గార్డు మీద మనుషులు కూర్చోకుండా ట్రాక్టరు కదలదు. ఇది తెలియనివాడు ఆ ఫ్యాక్టరీలో ఎవడూ లేడు.

దోసిలి అడుగున ఆరు మిల్లీమీటర్ల రంధ్రం పెడితే నీళ్లు కారిపోతాయి. అంతే. ధర్మయ్య గారు ఆ మాట చీటీ మీద రాసి మేనేజరుకి ఇచ్చారు. మేనేజరు సదాశివరావు గారు, రాజమండ్రి మనిషి. తెలుగువాడు కదా, అర్థం చేసుకుంటాడని ఈయనకి ఆశ. ఏటా వానాకాలం ముందు ఒక చీటీ పెట్టడం ఆనవాయితీ అయింది. ఆ గదిలో జరిగేది ఆయనే నాకు చాలాసార్లు చెప్పారు.

"ఏంటి ధర్మయ్యా, మళ్లీ అదేనా?"

"అదే సారూ. మల్లొక వానకాలం వచ్చె."

"డ్రాయింగులో రంధ్రం లేదయ్యా. లేనిదాన్ని నేనెక్కణ్ణించి తేను?"

"మీరు తెచ్చుడెందుకు సారూ? నేను డ్రిల్లు పెడ్త. నీళ్లు పోతయి."

"నువ్వు పెడితే అది డిఫెక్టు అవుతుంది. అప్పుడు నీ సుద్దతో నువ్వే సున్నా చుట్టుకోవాలి."

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వేవాళ్లు. డ్రాయింగు మార్చాలంటే పైవాళ్లు ఒప్పుకోవాలి. పైవాళ్లు ఒప్పుకోవాలంటే, మొదట గీసింది తప్పని ఎవరో ఒకరు రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం కోసం సదాశివరావు గారి పెన్ను పదకొండేళ్లలో ఒక్కసారి కూడా మూత తీసుకోలేదు. పదకొండు చీటీలూ చిరిగి చెత్తబుట్టలోకి వెళ్లిపోయాయి. పన్నెండో ఏడు హోడల్ దగ్గర ఒక కూలిమనిషి, తను కూర్చున్న మడ్‌గార్డు ఊడిపోవడంతో కిందపడి, చక్రం కింద కాలు పోగొట్టుకున్నాడు. అప్పుడు కంపెనీ కదిలింది. పైవాళ్లు కూర్చున్నారు, మాట్లాడుకున్నారు, మడ్‌గార్డు మీద అంటించడానికి ఒక స్టిక్కరు అచ్చు వేయించారు. "దీనిమీద కూర్చోరాదు" అని, ఇంగ్లీషులో.

ఆ స్టిక్కరు నీళ్లు తగలని చోట నీటుగా, వంకర లేకుండా అంటుకుందో లేదో చూసే పని కూడా ధర్మయ్య గారికే అప్పజెప్పారు.

రిటైరయ్యాక ఆయన బొమ్మ ట్రాక్టర్లు చేయడం మొదలుపెట్టారు. బొమ్మ అంటే ఆయన ఊరుకోరు, 'బండి' అనాలి. డాల్డా డబ్బాల రేకు, ఇత్తడి తీగ, పాత సైకిలు ట్యూబు. అసలు బండికి సరిగ్గా పదోవంతు. కొలతలు ఎక్కడా చూసుకోవక్కర్లేదు, చేతివేళ్లలోనే ఉన్నాయి. చుట్టుపక్కలవాళ్లు ఎర్రగా మెరిసే ట్రాక్టరు వస్తుందనుకుంటే, ఈయన పదిహేనేళ్లు పొలంలో నలిగిన ట్రాక్టరు చేసి పెట్టారు.

తుప్పు చేసే పద్ధతి ఆయనే కనిపెట్టుకున్నారు. గిన్నెలు తోమే ఇనుప పీచుని ఉప్పు నీళ్లలో తడిపి, డాబా మీద ఎండలో వారం రోజులు వదిలేస్తారు. అది ఎర్రగా పొడి రాలుతుంది. దాన్ని నూరి, పాత ధోవతి గుడ్డలో జల్లిస్తారు. ఆ నూరుడు దగ్గర ఇంట్లో రోజూ ఒక గొడవ.

"నా అల్లం రోట్ల ఏంది నూరుతున్నవ్?" అని ఆయన భార్య కమల గారు.

"చిలుము."

"ముప్పై ఏండ్లు చిలుమును తిట్టుకుంటనే ఇంటికొచ్చినవ్. ఇప్పుడు ఇంట్ల కూసోని పుట్టిస్తున్నవా?"

"సన్నగ గావాలె కమలా. పదోవంతు బండికి దొడ్డు చిలుము పెడ్తె రాళ్లు అంటిచ్చినట్టు ఉంటది."

"జర చాయ్‌ల గూడ ఏసుకో. ఒంట్ల ఇనుము తక్కువున్నదని డాక్టరు చెప్పె గదా."

రేకుకి ముందు ముదురు గోధుమ రంగు వేస్తారు. దానిమీద తడి చేసి అక్కడక్కడ ఉప్పు చల్లుతారు. పైన ఎర్ర రంగు కొట్టి, ఆరాక గట్టి బ్రష్షుతో రుద్దితే ఉప్పు లేచిపోయి, రంగు పెచ్చులూడిన మచ్చలు మిగులుతాయి. ఆ మచ్చ అంచున మాత్రమే తుప్పుపొడి. నడుమ నల్లగా, అంచున నారింజగా. పాత తుప్పు నలుపు, కొత్త తుప్పు ఎరుపు అంటారు. తర్వాత టర్పెంటైన్‌లో ముంచిన బ్రష్షుతో కిందికి ఒక్క గీత లాగుతారు, వాన కారిన చార అది. ఇదంతా ఎవరికైనా నేర్పవచ్చు. నేర్పలేనిది ఒకటుంది. ఎక్కడ పెట్టాలి అన్నది. డీజిలు పోసే మూత చుట్టూ తుప్పు ఉండదు, జిడ్డు కాపాడుతుంది. డ్రైవరు చెయ్యి పట్టుకునే కడ్డీ మీద రంగు పోతుంది గానీ తుప్పు రాదు, అరచెయ్యి దాన్ని తోముతూనే ఉంటుంది. బానెట్ పైన ఎండకి రంగు వెలిసి సుద్దలా అవుతుందే తప్ప తుప్పు పట్టదు, దసరాకి దసరాకి తుడిచి బొట్టు పెడతారు కాబట్టి. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో అక్కడే తుప్పు. అందానికి ఒక్క చుక్క కూడా ఆయన పెట్టరు.

2006 ఉగాదికి ఢిల్లీలో తెలుగువాళ్ల సభలో పిల్లల డ్రాయింగుల పక్కన బల్ల మీద ఒక బండి పెట్టారు. అక్కడ చూశాడు సాత్విక్. హైదరాబాద్ కుర్రాడు, గుర్గావ్‌లో అడ్వర్టయిజింగ్ కంపెనీలో ఉద్యోగం. నాలుగు రోజుల తర్వాత ఆఫీసు కారులో ఇంటికే వచ్చాడు. ధర్మయ్య గారి పాత ఫ్యాక్టరీకి నలభై ఏళ్లు నిండుతున్నాయట. ఆ పండగకి గుర్గావ్ హెడ్డాఫీసులో ఒక హాలు కడుతున్నారు. హాలు నడుమ గాజుపెట్టెలో, మట్టిలో నలిగిన పాత ముప్పై అయిదు బండి బొమ్మ కావాలి.

"అంకుల్, మీ రస్ట్ మాత్రం సూపర్. రియల్ అనుకున్నా నేను!"

"రియలే బిడ్డా. ఆ పొడి అసలు చిలుమే."

సాత్విక్ ఇంటర్నెట్ నుంచి అచ్చు తీసిన ఫోటోలు పరిచాడు. ఏవో దేశాల ట్రాక్టర్లు, నిలువెల్లా ఎర్రగా తుప్పు. "బానెట్ మీద కూడా ఇలా కొంచెం డ్రమాటిక్‌గా కావాలంకుల్. లైటు పడితే ఎఫెక్ట్ అదిరిపోవాలి."

"బానెట్ మీద రాదు."

"రాదంటే? మీరు వేస్తే వస్తుంది కదా?"

"నేను ఏసుడు కాదు బిడ్డా. వానకు తెలుసు ఏడ ఏయాలెనో."

కుర్రాడు మంచివాడే. నవ్వేసి, సరే మీ ఇష్టం అని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ధర్మయ్య గారు డాబా మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. సదాశివరావు గారు ఇప్పుడు ఆ కంపెనీలో వైస్ ప్రెసిడెంటు. హాలు ఆయన చేతుల మీదుగానే జరుగుతోంది.

"పదకొండు చీటీలు చింపిండు. ఈసారి చీటీ గాదు, బండే పెడ్త. మడ్‌గార్డు కింద చిలుము తోని. హాలు నడుమ, గాజుపెట్టెల, వచ్చినోళ్లందరు చూడంగ. ఎట్ల చింపుతడో చూస్త" అన్నారు. ఆ మనిషి అంత గట్టిగా ఏదైనా కోరుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

అసలు బళ్లు ఇప్పుడెలా ఉన్నాయో చూడాలని ఒక ఆదివారం పల్వల్ ధాన్యం మార్కెట్‌కి లోకల్ రైల్లో బయల్దేరారు. నేనూ వెళ్లాను. మార్కెట్ వెనక ఖజాన్ సింగ్ అనే మెకానిక్ షెడ్డు ఉంది. అక్కడ ఒక ముప్పై అయిదు బండి ఎడమ పక్క బయటికి కనబడేలా తిప్పి నిలబెట్టి ఉంది. ధర్మయ్య గారు మోకాళ్ల మీద కూర్చుని మడ్‌గార్డు కిందికి చెయ్యి పోనిచ్చారు. పోనిచ్చిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. దోసిలి అడుగున రంధ్రం ఉంది.

"ఇది ఎవరు పెట్టిన్రు?" కంగారులో తెలుగులోనే అడిగేశారు. మళ్లీ హిందీలో అడిగారు.

"మైనే, బాబూజీ. యహాఁ పానీ రుక్తా హై" అన్నాడు ఖజాన్ సింగ్, నేనే పెట్టాను, నీళ్లు ఇక్కడే నిలుస్తాయి కదా అన్నట్టు.

"నీకు ఎవరు చెప్పారు?"

"పానీ నే." నీళ్లే చెప్పాయన్నాడు, చేతిలోని పానాని నేలకేసి కొట్టి మట్టి రాలుస్తూ.

ఎన్ని బళ్లకి పెట్టావంటే, లెక్క ఎవడు పెట్టుకుంటాడు, షెడ్డుకి వచ్చిన ప్రతిదానికీ పెట్టాను అన్నాడు. ధర్మయ్య గారు నూనె డ్రమ్ము మీద కూర్చుండిపోయారు. కాయలు కాసిన చేతుల మెకానిక్ ఒక్కడికి నీళ్లు చెప్పిన మాట, ఏసీ గదిలో అంతమంది ఇంజనీర్లకి పదకొండు చీటీలు చెప్పలేకపోయాయి. చెప్పలేకపోవడం కాదు, వాళ్లు వినలేదు. చదువుకున్నవాళ్లకి తెలియదని మనం చాలా తేలిగ్గా క్షమించేస్తాం. సదాశివరావు గారికి తెలియక కాదు.

ఆ వేసవంతా, వానాకాలమంతా బండి మీదే గడిచింది. అక్టోబరులో దాన్ని పాత దుప్పటి ముక్కలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి గుర్గావ్ తీసుకెళ్లాం. మీటింగు గదిలో పొడుగాటి బల్ల మీద పెట్టారు. సాత్విక్ చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకుంటున్నాడు. సదాశివరావు గారు వచ్చారు. బాగా వంగి చూశారు. టైర్ల గాడుల్లో మట్టి చూసి మెచ్చుకున్నారు, వెలిసిన బానెట్ చూసి నవ్వారు. తర్వాత తల ఇంకొంచెం వంచి ఎడమ మడ్‌గార్డు కిందికి చూశారు. అక్కడ పట్టీ నల్లగా పొరలు లేచి, తుప్పుకి సగం పోయి, కింద ఎర్రటి చార కారి ఉంది. నవ్వు ఆగిపోయింది.

"ఇది తీసెయ్యి ధర్మయ్యా."

"ఏది సారూ?"

"నాతో ఆడకు. మడ్‌గార్డు కింద తుప్పు."

"తీస్త సారూ. గని అది ఒక్కతీరుగనే పోతది."

జేబులోంచి ఒక చిన్న పిడి తీశారు. కుట్టుసూదిని అరగదీసి చేసుకున్న డ్రిల్లు. ఆ బల్ల మీదే బండిని పక్కకి వాల్చి, వేళ్ల మధ్య తిప్పుతూ దోసిలి అడుగున రంధ్రం చేశారు. సూది కంటే సన్నం. రేకుపొట్టు ఒక్క మెరుపు తునక బల్ల మీద రాలింది. "ఇగ నీళ్లు నిలువయి. ఇప్పుడు చిలుము తుడిచేస్త, మీరు అన్నట్టే."

సాత్విక్‌కి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. సదాశివరావు గారికి మాత్రం రంధ్రం తుప్పు కంటే పెద్ద తప్పుగా కనిపించిందని ఆయన మొహమే చెప్పింది. తుప్పు ఉంటే బండి పాతదని సర్దిచెప్పవచ్చు. రంధ్రం ఉంటే అది ఎప్పుడో ఉండాల్సిందని ఒప్పుకున్నట్టు.

"రెండూ వద్దు. తుప్పూ వద్దు, రంధ్రమూ వద్దు. మూసేసి శుభ్రంగా రంగు కొట్టు. బానెట్ మీద ఎంత కావాలంటే అంత పులుము, ఎవడొద్దన్నాడు?"

"గట్ల జేస్తే అది బండి కాదు సారూ, బొమ్మ."

"బొమ్మేనయ్యా మేం అడిగింది!"

ఆ గదిలోనూ అందరూ నవ్వారు. ఇన్నేళ్లలో గది మారింది, కుర్చీలు మారాయి, ఆయన మాటకి నవ్వేవాళ్లు మాత్రం ఎప్పుడూ సిద్ధంగా ఉన్నారు. ధర్మయ్య గారు నవ్వులు అయిపోయేదాకా ఆగి, బండిని మళ్లీ దుప్పట్లో చుట్టారు. లిఫ్టు దాకా సాత్విక్ పరుగెత్తుకొచ్చాడు.

"అంకుల్, ప్లీజ్! ఆరు నెలల పని. ఒక్క స్పాట్ కోసం వదిలేస్తారా?"

"గా ఒక్క స్పాట్ కాడనే బిడ్డా, హోడల్ల ఒక మనిషి కాలు పోయింది."

కుర్రాడు పట్టుకున్న లిఫ్టు తలుపు వదిలేశాడు. మేము కిందికి వచ్చేశాం.

హాలు అనుకున్న రోజుకే తెరిచారు. నేను వెళ్లి చూశాను, మామూలు జనాన్ని ఆదివారాలు రానిస్తారు. గాజుపెట్టెలో బొమ్మల దుకాణం ట్రాక్టరు ఒకటి ఉంది. బానెట్ నిండా గోధుమరంగు స్ప్రే చేశారు. లైటు పడి ఎఫెక్ట్ అదిరిపోతోంది. మడ్‌గార్డు కింద అద్దంలా శుభ్రంగా ఉంది. గోడ మీద "నాణ్యతకు నలభై ఏళ్లు" అని ఇంగ్లీషులో, హిందీలో రాశారు. పక్కనే సదాశివరావు గారి ఫోటో. జనం ఆ తుప్పు ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఎక్కడా ఎప్పుడూ ఏ ట్రాక్టరుకీ పట్టని తుప్పు అది. దాన్ని చూసి పాతరోజులు గుర్తొచ్చాయని ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

ధర్మయ్య గారికి ఇవేవీ చెప్పలేదు. ఆయన అడగలేదు. ఇంకో ఆదివారం అట్టపెట్టె చంకన పెట్టుకుని, "పల్వల్ పోదాం పా" అన్నారు. బండి అర్థమయ్యే చోట ఉండాలట.

ఖజాన్ సింగ్ చేతులు తుడుచుకుని బండి అందుకున్నాడు. అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. డీజిలు మూత దగ్గర జిడ్డు చూసి మనసారా నవ్వాడు. ఎడమ మడ్‌గార్డు కింద రంధ్రాన్ని వేలిగోటితో తడిమి, "వాహ్ బాబూజీ" అన్నాడు. తర్వాత కుడివైపు తిప్పి చూసి, కనుబొమలు ముడిచాడు.

"ఔర్ దాయాఁ? ఇధర్ కా ఛేద్ కహాఁ హై?"

కుడివైపు రంధ్రం లేదు. తుప్పు కూడా లేదు. ఆరు నెలలు ఒక్కొక్క మచ్చా చూసి చూసి పెట్టిన మనిషి, కుడి మడ్‌గార్డు కింద కొత్త బండికి ఉన్నట్టు రంగు వేసి వదిలేశారు. ఖజాన్ సింగ్ ఆయన్ని షెడ్డులో ఉన్న అసలు బండి దగ్గరికి తీసుకెళ్లి కుడి చక్రం పక్కన కూర్చోబెట్టాడు. అక్కడా అదే దోసిలి, అదే తుప్పు, అదే రంధ్రం.

ధర్మయ్య గారు ఆ రంధ్రంలో వేలి కొన పెట్టి చూశారు.

"లైను మీద నాది ఎడమ దిక్కు. కుడి దిక్కు చౌహాన్ చూస్తుండె. నడుమ బండి ఉంటది. ముప్పై ఒక్క ఏండ్లు నేను అటు దిక్కు పోలే." నా వైపు చూడకుండానే అన్నారు. "ఒక్క రంధ్రం అనుకుంట కొట్లాడిన. రెండు గావాలె. నా పదకొండు చీటీలల్ల ఒక్కదాంట్ల గూడ కుడి అని రాయలే."

"వాళ్లు ఎడమది కూడా పెట్టలేదు కదండీ" అన్నాను.

"వాళ్ల సంగతి వాళ్లది. నా సంగతి నేను అంటున్న."

జేబులోంచి సూది డ్రిల్లు తీసి, నూనె డ్రమ్ము మీద కూర్చుని, కుడివైపు రంధ్రం పెట్టడం మొదలుపెట్టారు. డ్రిల్లు రెండుసార్లు జారింది. ఖజాన్ సింగ్ ఏమీ అనకుండా బండిని రెండు చేతులా కదలకుండా పట్టుకున్నాడు. రంధ్రం పడ్డాక ధర్మయ్య గారు పొట్టు ఊదేసి, బండిని షెడ్డులో పానాలు పెట్టే చెక్క మీద తనే పెట్టారు.

తిరుగు రైల్లో ఫరీదాబాద్ కంటే ముందు బల్లభ్‌గఢ్ వస్తుంది. స్టేషను రాగానే లేచి నిలబడ్డారు.

"చౌహాన్ ఇల్లు ఈడనే, కోట ఎనక. ఆయన గూడ చీటీలు రాసిండో ఏమో. ఎన్నడు అడగలే" అని దిగి, జనంలో నెట్టుకుంటూ వెళ్లిపోయారు.